వెజేర్ లోయలో నాలుగు రోజులు: లెజెజీ గ్రామం, దాని చుట్టూ ఉన్న ఆదిమానవుల గుహలు చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

ఫ్రాన్స్ నైరుతి దిక్కున దోర్దోన్ జిల్లాలో, వెజేర్ నది ఒడ్డున, సున్నపురాతి కొండచరియ కిందికి ఒదిగి ఉన్న పల్లెటూరు లెజెజీ. బోర్డు మీది అక్షరాలను మనలా చదివితే ‘లెస్ ఎయ్జీస్’ అనిపిస్తుంది కానీ అక్కడి పలుకుబడి లెజెజీ. టికెట్ కౌంటర్లోనూ టాక్సీవాళ్లతోనూ ఆ పలుకుబడే వాడండి. జనాభా వెయ్యి చిల్లర. ఒకటే పెద్ద వీధి. దానికి ఒకపక్క ఇళ్లు, వాటి వెనకే నిటారుగా లేచిన కొండ. కొన్ని ఇళ్లకు వెనకగోడ ఆ కొండే.

యునెస్కో 1979లో వెజేర్ లోయలోని 15 పూర్వచరిత్ర స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఎక్కువ భాగం ఈ ఊరికి నడక దూరంలోనో, కారులో అరగంట లోపో ఉన్నాయి. ఐరోపాలోని తొలి ఆధునిక మానవులకు వాడే ‘క్రోమాన్యాన్ మానవుడు’ అన్న పేరు ఈ ఊరిదే. 1868లో రైల్వే స్టేషన్ దగ్గర దారి పనులు చేస్తుంటే క్రోమాన్యాన్ అనే రాతి చూరు కింద అస్థిపంజరాలు బయటపడ్డాయి.

ఇంత దూరం వచ్చి నిరాశతో వెనుదిరిగేవాళ్లలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. ముందు విమానం, తర్వాత హోటల్, ఆఖరున గుహ టికెట్ చూసుకుంటారు. ఇక్కడ ఆ వరుస తలకిందులు కావాలి. ముందు గుహ టికెట్, దాన్నిబట్టి తేదీలు, మిగతావన్నీ ఆ తర్వాతే.

1. ముందుగా ఫోన్ ద గోమ్ టికెట్

బహువర్ణాల ఆదిమ చిత్రాలున్న అసలు గుహల్లో ఫ్రాన్స్‌లో నేటికీ జనాన్ని లోపలికి రానిచ్చేది ఫోన్ ద గోమ్ ఒక్కటే. ఇదే లోయలోని లాస్కో వంటి ప్రసిద్ధ గుహల్లో మనం చూసేది నకలు. అందుకే రోజుకు కొన్ని పదుల మందినే, చిన్న చిన్న గుంపులుగా, గైడ్‌తో పంపుతారు.

ఇంత కట్టడి ఎందుకో తెలియాలంటే లాస్కో కథ తెలియాలి. లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. కొన్నేళ్లకే రోజుకు వెయ్యిమందికి పైగా రాసాగారు. వాళ్ల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ, ఒంటి వేడి, వాటికి తోడు విద్యుద్దీపాల వెలుగు అన్నీ కలిసి గోడలను పాడుచేశాయి. ఒకచోట ఆకుపచ్చ నాచు పట్టింది, మరోచోట తెల్లటి కాల్సైట్ పొర చిత్రాల మీదికి పాకింది. పదిహేడు వేల ఏళ్లు చెక్కుచెదరని బొమ్మలు పదిహేనేళ్లలో ఆ గతికి వచ్చాయి. 1963 ఏప్రిల్లో గుహను శాశ్వతంగా మూసేశారు. ఫోన్ ద గోమ్‌కు ఆ దుస్థితి రాకూడదనే ఈ లెక్క. ఎవరు ఎంత బతిమాలినా అదనంగా ఒక్కరినీ పంపరు, పంపకూడదు కూడా.

బుకింగ్ ఇలా చేయండి.

ఫ్రాన్స్ జాతీయ కట్టడాల సంస్థ (సాంత్ర్ దె మోన్యుమాన్ నాసియోనో) వెబ్‌సైట్లో ఫోన్ ద గోమ్ పేజీ తెరవండి. ఈ చుట్టుపక్కల ఆదిమానవుల చెక్కడాలున్న కోంబరెల్, కాప్ బ్లాన్, అబ్రి ద్యూ ప్వాసోన్ కూడా ఈ సంస్థవే, కాబట్టి నాలుగూ ఒకేసారి చూసుకోవచ్చు. మీరు వెళ్లాలనుకునే నెలకు టికెట్లు పెట్టారో లేదో చూడండి. పెట్టకపోతే రోజు విడిచి రోజు చూస్తూ ఉండండి. పెట్టిన వెంటనే తీసుకోండి, జూలై ఆగస్టుల్లో అయితే రేపటికి వాయిదా వేయొద్దు.

భాష కూడా గమనించండి. ఎక్కువ విడతలు ఫ్రెంచిలోనే నడుస్తాయి, ఇంగ్లిష్ విడతలు తక్కువ. ఇంగ్లిష్ విడతే కావాలని పట్టుబట్టి టికెట్ పోగొట్టుకునేకంటే ఫ్రెంచి విడత తీసుకుని, ముందుగా చదువుకుని వెళ్లడం మేలు. గైడ్ లైటు ఎటు తిప్పుతారో అటు చూస్తే సగం అర్థమవుతుంది.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. 26 ఏళ్లలోపు వయసుండి, ఐరోపా యూనియన్లో దీర్ఘకాల నివాస వీసా ఉంటే వాళ్లకూ ఉచితమే. అయితే ఉచిత టికెట్‌నైనా ముందే బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర రెసిడెన్స్ కార్డు చూపాలి. సీటు లేకపోతే ఉచితం అన్నా లోపలికి పోలేరు.

టికెట్ మీది సమయం అంటే గుహలో అడుగుపెట్టే సమయం. టికెట్ ఆఫీసు కింద రోడ్డు పక్కన ఉంటుంది, గుహ ద్వారం పైన కొండమీద ఉంటుంది. కాబట్టి అరగంట ముందే చేరుకోండి. ఆలస్యమైతే ఆ గుంపు వెళ్లిపోతుంది, తర్వాతి గుంపులో ఖాళీ ఉండదు.

2. ఏ వారం, ఏ రోజులు

మే, జూన్, సెప్టెంబర్ మంచి నెలలు. జూలై ఆగస్టుల్లో ఫ్రాన్స్ అంతా సెలవుల మీద ఇటే వస్తుంది. గదుల ధరలు పెరుగుతాయి, ఇరుకు రోడ్ల మీద క్యాంపర్ వ్యాన్ల వెనక నత్తనడక తప్పదు. నవంబర్ నుంచి మార్చి దాకా సగం చోట్లు మూసి ఉంటాయి, హోటళ్లతో సహా.

వారంలో రోజులూ ముఖ్యమే. ఫోన్ ద గోమ్, కోంబరెల్ గుహలకు శనివారం సెలవు. ఊళ్లోని జాతీయ మ్యూజియానికి వేసవి రద్దీ నెలలు తప్పిస్తే మంగళవారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చిన్న దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, రైళ్లు కూడా తగ్గుతాయి. ఇవన్నీ కలిపి చూస్తే బుధవారం దిగి శనివారం బయల్దేరడం అన్నిటికంటే బాగా కుదురుతుంది. గుహలకు సెలవైన శనివారమే పక్కనున్న సార్లా పట్టణంలో పెద్ద సంత.

3. వీసా కాగితాలు

హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో ఫ్రాన్స్ షెంజెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలన్నది నియమం, కానీ వేసవి సెలవులకు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి రెండు మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 45. కేంద్రం సేవా రుసుము వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోవాలి.

పల్లెటూరికి వెళ్లేవాళ్లకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. ఇక్కడ హోటళ్లకంటే జీత్‌లు ఎక్కువ. జీత్ అంటే వంటగదితో సహా అద్దెకిచ్చే ఇల్లు. యజమాని పంపే రెండు లైన్ల ఈమెయిల్ వీసా ఫైలుకు పనికిరాదు. ఇంటి పూర్తి చిరునామా, మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే అందరి పేర్లు, తేదీలు, చెల్లించిన మొత్తం ఉన్న బుకింగ్ పత్రం అడిగి తీసుకోండి. చుట్టాల ఇంట్లో దిగేటట్లయితే కథ వేరు. వాళ్ల ఊరి మున్సిపల్ ఆఫీసు, అంటే మేరీ, ఇచ్చే ఆహ్వాన ధ్రువపత్రం కావాలి. దానికి వాళ్లు స్వయంగా తిరగాలి, వారాలు పట్టవచ్చు.

4. పారిస్ నుంచి చేరడం

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి బోర్డో నగరంలోని సాన్ జాన్ స్టేషన్‌కు టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి పెరిగూ పట్టణానికి ప్రాంతీయ రైలు, దాన్ని టీఈఆర్ అంటారు, దాదాపు గంటన్నర. పెరిగూలో మారి అజాన్ వైపు వెళ్లే చిన్న రైలు ఎక్కితే అరగంట, ముప్పావుగంటలో లెజెజీ. మారేచోట ఎదురుచూపులు కలుపుకుని ఐదు గంటలు అనుకోండి. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు పది నిమిషాల నడక.

ఈ ప్రయాణంలో బలహీనమైన లంకె ఆ చివరి చిన్న రైలే. రోజుకు కొన్నే నడుస్తాయి. ఒకటి తప్పిపోతే రెండు మూడు గంటలు పెరిగూలో కూర్చోవాలి, సాయంత్రమైతే టాక్సీయే గతి. అందుకని ముందు ఆ రైలు సమయం చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ పారిస్ రైలు ఎంచుకోండి. మొత్తం ప్రయాణాన్ని ఒకే టికెట్‌గా కొనండి. విడివిడిగా కొంటే మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పినప్పుడు, ‘అది వేరే టికెట్ కదా’ అన్న జవాబు వస్తుంది. టికెట్ మీద ‘ఓతోకార్’ అని ఉంటే అది రైలు కాదు, రైల్వేవాళ్ల బస్సు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే రాదు, స్టేషన్ బయట చూసుకోవాలి.

కారు తీసుకుంటే లోయ మొత్తం అందుబాటులోకి వస్తుంది. ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, మన లైసెన్స్‌తో పాటు దగ్గర ఉంచుకోండి. అద్దెకు బోర్డో, పెరిగూల్లో దొరుకుతాయి. అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండి. ఆటోమేటిక్ కావాలంటే ముందే ప్రత్యేకంగా అడగాలి. డిపాజిట్ కోసం డ్రైవరు పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చూపించి కౌంటర్ దగ్గర ఇరుక్కుపోయేవాళ్లు తరచూ కనిపిస్తారు.

రోడ్డు మీద మూడు సంగతులు గుర్తుంచుకోండి. బండ్లు కుడివైపు నడుస్తాయి. ఊరి పేరున్న బోర్డు కనిపిస్తే వేగం 50కి దిగాలి. అంకె రాసి ఉండకపోయినా ఆ బోర్డుకు అర్థం అదే, అదే పేరు మీద అడ్డగీత ఉన్న బోర్డు వచ్చేదాకా. ఇంకొకటి, గుర్తు ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిది ముందు హక్కు, అది సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే.

పెట్రోల్ బంకులో ‘గజోల్’ అని కనిపిస్తే అది గ్యాసోలిన్ కాదు, డీజిల్. పెట్రోలు పంపు మీద గుండ్రటి గుర్తులో ఈ5, ఈ10 అని ఉంటుంది, డీజిల్‌కు చదరపు గుర్తులో బీ7. మూత తీసి లోపలున్న గుర్తుతో పోల్చుకున్నాకే పోయండి. సూపర్ మార్కెట్ బంకుల్లో రాత్రిపూట మనుషులు ఉండరు. మిషన్ మీ కార్డు నుంచి ముందే పెద్ద మొత్తం ఆపి ఉంచి, తర్వాత అసలు బిల్లు సరిచేస్తుంది. బ్యాలెన్స్ తక్కువుంటే కార్డు తిరస్కరిస్తుంది. పగలు, మనిషి ఉన్నప్పుడు నింపుకోవడం మంచిది.

కారు లేకపోయినా వెళ్లొచ్చు. మ్యూజియం, క్రోమాన్యాన్ చూరు, ఫోన్ ద గోమ్, లోజ్రీ బాస్ అనే రాతి చూరు, తాయాక్‌లోని కోటలాంటి పాత చర్చి అన్నీ నడిచి చూడవచ్చు. దూరపువాటికి టాక్సీ ముందురోజే చెప్పి ఉంచాలి. వీధిలో నిలబడి ఫోన్లో పిలిస్తే వచ్చే బండ్లు ఇక్కడ లేవు. దిగిన చోట రిసెప్షన్‌లో చెబితే వాళ్లే మాట్లాడిపెడతారు.

5. బుధవారం మధ్యాహ్నం: మ్యూజియం మొదట

సామాన్లు పెట్టేసి నేరుగా జాతీయ పూర్వచరిత్ర మ్యూజియానికి వెళ్లండి. గుహలకంటే ముందు దీన్ని చూడాలి. లోపల చీకట్లో గైడ్ చెప్పే ‘మగ్దలేనియన్’ అంటే ఏ కాలమో, చెకుముకి పలుగుతో రాతిని ఎలా చెక్కారో ఇక్కడ కళ్లారా చూసి ఉంటే అక్కడ ఒక్క మాటా వృథా కాదు. ఇప్పటి భవనం 2004లో తెరిచారు. పాత కోట శిథిలం దాని పక్కనే కొండ అంచున ఉంది. వసారాలో చేతులు వేలాడేసి లోయను చూస్తున్న ఆదిమానవుడి విగ్రహం 1931 నాటిది, పోల్ దార్దే చెక్కింది.

లోపల రెండు గంటలు కేటాయించండి. మట్టి పొరల నమూనాల దగ్గర ఎక్కువ సేపు నిలబడండి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికిన సంగతి చదివినవారికి ఇక్కడి పద్ధతి చప్పున పట్టుబడుతుంది: ఏ పొరలో దొరికిందన్నదే వస్తువు వయసు. ఇక్కడి పొరలకు పెట్టిన పేర్లే ప్రపంచమంతా పాకాయి. పక్క ఊళ్లయిన ల ముస్తియే పేరు మీద ముస్తేరియన్, లా మదలేన్ పేరు మీద మగ్దలేనియన్ కాలాలు ఏర్పడ్డాయి.

వెతికి చూడవలసిన వస్తువు ఒకటుంది. అది లా మదలేన్‌లో దొరికిన రెయిన్‌డీర్ కొమ్ము ముక్క. అరచేతిలో ఇమిడేంత. అందులో ఒక బైసన్ తల వెనక్కి తిప్పి తన డొక్కను నాకుతోంది. కొమ్ము అంత వెడల్పు లేకపోవడంతో తల ముందుకు చెక్కడానికి చోటు చాలలేదు. ఆ ఇరుకులోంచే తల తిప్పే ఆలోచన పుట్టి ఉంటుంది. కన్ను, జూలు, నాలుక దాకా గీతలు స్పష్టంగా ఉన్నాయి. గాజుకు దగ్గరగా వంగి, పక్కనుంచి చూడండి. ఎదురుగా చూస్తే గీతల లోతు తెలియదు.

6. గురువారం: అసలు గుహలు

ఒక స్వెట్టర్, పట్టున్న బూట్లు తప్పనిసరి. బయట 35 డిగ్రీలు ఉన్నా లోపల ఏడాది పొడవునా 13 డిగ్రీలే. చెప్పులతో తడి రాయి మీద జారతారు. బ్యాగులు లోపలికి రానివ్వరు, ఎందుకంటే ఇరుకు చోట తిరిగేటప్పుడు భుజానికున్న సంచి గోడకు రాసుకుంటుంది. ఫోటోలు నిషేధం. గోడను వేలితో కూడా తాకకూడదు. తడబడితే పక్కనున్న మనిషిని పట్టుకోండి, గోడను కాదు.

ఊరి నుంచి ఫోన్ ద గోమ్ సార్లా రోడ్డు మీద కిలోమీటరు దూరం. 1901 సెప్టెంబర్ 12న స్థానిక బడిపంతులు దెని పెరోనీ ఇందులోని చిత్రాలను గుర్తించారు. కోంబరెల్ చెక్కడాలు అంతకు నాలుగు రోజుల ముందే వెలుగులోకి వచ్చాయి. గుహ సన్నటి నడవలా ఉంటుంది. మొదట్లో ఏమీ కనిపించదు, రెండు మూడు నిమిషాలకు కళ్లు అలవాటు పడతాయి. తొందరపడొద్దు.

గైడ్ లైటును గోడకు ఏటవాలుగా పట్టినప్పుడు రాతి ఉబ్బు బైసన్ పొట్ట అవుతుంది, రాతి నెర్రె వీపు గీత అవుతుంది. గీసినవాళ్లు బొమ్మను రాతి మీద పెట్టలేదు, రాతిలో ఉన్నదాన్ని పట్టుకుని రంగు వేశారు. లైటు నేరుగా వేస్తే ఆ జంతువు మాయమై ఉత్త గోడ మిగులుతుంది. రెండు రెయిన్‌డీర్ల చిత్రం వచ్చినప్పుడు నల్లటి కొమ్ముల వంపు మొదట కనిపిస్తుంది. మగది తల వంచి, ఎదుట మోకాళ్ల మీద ఉన్న ఆడదాని నుదురు నాకుతోంది. ఆ నాలుక రంగుతో వేసింది కాదు, చెక్కింది. లైటు పక్కనుంచి పడిన ఆ క్షణంలోనే కనిపిస్తుంది. అందుకే గుంపులో వెనక ఉండిపోకండి, పొడుగువాళ్లు పొట్టివాళ్లను ముందుకు రానివ్వండి.

ఇరుకు చోట్లు ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు మొదటి మలుపు దగ్గరే గైడ్‌తో చెప్పండి. మధ్యలో వెనక్కి వెళ్లడం గుంపు మొత్తానికి కష్టం.

మధ్యాహ్నం కోంబరెల్. అదే రోడ్డు మీద మరో రెండు కిలోమీటర్లు. నడిచేవాళ్లు జాగ్రత్త, కొన్నిచోట్ల కాలిబాట లేదు, కార్లు వేగంగా వస్తాయి. ఇక్కడ ఆరేడుగురినే తీసుకెళతారు. రంగులు దాదాపు లేవు, అన్నీ చెక్కిన గీతలు, ఆరువందలకు పైనే. ఒకదానిపై ఒకటి చెక్కినవి కాబట్టి ఉత్త కంటికి గజిబిజిగా ఉంటుంది. గైడ్ వేలు గాలిలో కదుపుతూ చూపితే గుర్రం విడివడి కనిపిస్తుంది, తర్వాత సింహం. తల దించిన రెయిన్‌డీర్ మూతి సరిగ్గా రాతిలోని నల్లటి పగులు దగ్గర ఆగుతుంది, నీళ్లు తాగుతున్నట్టు. ఫోన్ ద గోమ్ టికెట్ దొరకనివాళ్లు దీన్ని ‘రెండో రకం’ అనుకుని వదిలేస్తారు. అది పెద్ద తప్పు. ఓపికగా చూసేవాళ్లకు ఇది ఏమాత్రం తీసిపోదు.

ఇంకా ఓపిక ఉంటే కారున్నవాళ్లు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని కాప్ బ్లాన్ చూడవచ్చు. రాతి నుంచి పొంగుకొచ్చినట్టు చెక్కిన గుర్రాల వరుస అది. గుహ కాదు, రాతి చూరు కింది గోడ. ఇరుకంటే భయపడేవాళ్లకు అనువు.

అబ్రి ద్యూ ప్వాసోన్ కొన్ని రోజులే తెరుస్తారు, ముందు బుకింగ్ తప్పదు. చిన్న చూరు కప్పు మీద మీటరు పొడవు సాల్మన్ చేప చెక్కి ఉంది, సుమారు 25 వేల ఏళ్ల నాటిది. చేప చుట్టూ లోతైన గాడి ఉంటుంది. అది ఆదిమానవుడి పని కాదు. 1912లో దీన్ని కోసి తీసి బెర్లిన్ మ్యూజియానికి అమ్మబోయారు. ప్రభుత్వం అడ్డుపడటంతో సగంలో ఆగిన కోత అది. ఒకే రాతి మీద ఆ రెండు చేతిపనులూ పక్కపక్కనే చూడటం మనసును కలచివేస్తుంది.

7. శుక్రవారం: లాస్కో, కొండ మీది ఊరు

లాస్కో ఉన్న మోంతిన్యాక్ ఊరు లెజెజీకి 25 కిలోమీటర్లు. అక్కడికి రైలు లేదు, కారో టాక్సీయో కావాలి. గుహను 1940 సెప్టెంబర్ 12న నలుగురు కుర్రాళ్లు కనుగొన్నారు. ఫోన్ ద గోమ్ చిత్రాలు దొరికిన తేదీ కూడా సెప్టెంబర్ 12 కావడం విశేషం.

ఇక్కడ నకళ్లు రెండున్నాయి. లాస్కో 2ను 1983లో అసలు గుహకు కూతవేటు దూరంలో తెరిచారు. ఇందులో ఎద్దుల మందిరం, దాని పక్క నడవ మాత్రమే ఉన్నాయి. 2016 డిసెంబరులో తెరిచిన లాస్కో 4లో చిత్రాలున్న భాగం దాదాపు అంతా ఉంది. పెద్ద భవనం, మెట్లెక్కలేనివాళ్లకూ చక్రాల కుర్చీకీ అనుకూలం. మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు లాస్కో 4 ఎంచుకోండి. నిశ్శబ్దం, చిన్న గుంపు కావాలనుకుంటే లాస్కో 2. టికెట్ ఆన్‌లైన్లో సమయం, భాష చూసి తీసుకోవాలి. గైడ్‌తో తిరగడం అయ్యాక ప్రదర్శనశాలలో మరో గంట పడుతుంది.

గురువారం అసలు చూసి శుక్రవారం నకలు చూడమనడానికి కారణముంది. మసక వెలుగులో అసలు గోడను చూసిన కళ్లకు లాస్కో నకలులోని రంగు, పరిమాణం ఎక్కడ అతికించుకోవాలో తెలుస్తుంది. ఐదు మీటర్లు దాటిన ఎద్దు కింద నిలబడినప్పుడు, నిన్నటి గోడ మీద ఇది ఎలా ఉండేదో ఊహకు అందుతుంది. ఈ వరుస తిరగేసి ముందు నకలు చూస్తే అసలు గుహ వెలవెలబోయినట్టు అనిపించి అన్యాయమైపోతుంది.

తిరుగుదారిలో రోక్ సాన్ క్రిస్తోఫ్ దగ్గర ఆగండి. కిలోమీటరు పొడవు, 80 మీటర్ల ఎత్తున్న కొండచరియలో ఐదు అంతస్తుల్లాంటి మెట్టలు. మధ్యయుగంలో ఇదొక ఊరు, కోట. మతయుద్ధాల కాలంలో 1588లో కూల్చారు. ఇళ్లు పోయినా రాతిలో దూలాల కోసం తొలిచిన గుంటలు, నీటి కాలువలు, కట్టుగొయ్యలకు బదులు రాతినే తొలిచి చేసిన వలయాలు అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కువ, పిల్లల చేయి వదలొద్దు, గంటన్నర చాలు.

పెద్దవాళ్లు వెంట ఉంటే దీనికి బదులు రుఫిన్యాక్ గుహ మంచిది. ఏప్రిల్ నుంచి శరదృతువు దాకా తెరిచి ఉంటుంది. చిన్న విద్యుత్ రైలు కొండ కడుపులోకి కిలోమీటరు తీసుకెళుతుంది. దారిలో గుహ ఎలుగుబంట్లు పడుకున్న గుంతలు, గోళ్ల గీతలు చూపిస్తారు. చివర్లో దిగితే కప్పంతా మామత్‌లు, గుర్రాలు, కొండమేకలు. ఇప్పుడు మనం హాయిగా నిలబడుతున్నామంటే నేల తవ్వి దించారు కాబట్టి. గీసిన మనిషి ఆ ఇరుకులో పడుకుని గీశాడు, తన బొమ్మను మొత్తంగా ఒక్క చూపులో చూసుకునే వీలు అతనికి లేదు. పాత సందర్శకులు దీపపు మసితో రాసిన పేర్లు కూడా కప్పు మీద కనిపిస్తాయి, బాధగానే ఉంటుంది. రద్దీ రోజుల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి తెరిచే వేళకే వెళ్లండి.

8. తిండి, ముఖ్యంగా శాకాహారులకు

ఈ ప్రాంతపు వంట బాతు చుట్టూ తిరుగుతుంది. మాంసం తినేవారికి పండగే. శాకాహారులు మాత్రం ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి: ఇక్కడ నూనెకు బదులు బాతు కొవ్వు, హంసబాతు కొవ్వు వాడతారు. ‘పోమ్ సార్లాదేజ్’ అని వచ్చే బంగాళదుంప వేపుడు వెల్లుల్లి, కొత్తిమీరలాంటి పార్స్‌లీ ఆకుతో అచ్చం మన వేపుడులా కనిపిస్తుంది, కానీ ఆ కొవ్వులోనే వేయిస్తారు. ‘తురాన్’ అనే వెల్లుల్లి చారు కూడా తరచూ అంతే. ‘సలాద్ పెరిగుర్దీన్’ అంటే ఆకుకూరల పళ్లెం కాదు, అందులో బాతు కందనకాయలు ఉంటాయి.

‘జ స్వి వెజెతారియెన్’ అంటే నేను శాకాహారిని అని. స్త్రీలు చివర్లో ‘యెన్’ను ‘నకారం’ గట్టిగా పలుకుతూ ‘యెన్న్’ అనాలి. అంతటితో ఆపొద్దు. ‘సాన్ వియాండ్, సాన్ ప్వాసోన్, సాన్ గ్రెస్ ద కనార్’ అనండి, మాంసం, చేప, బాతు కొవ్వు వద్దని. గుడ్డు తినేవారికి పుట్టగొడుగుల ఆమ్లెట్ దొరుకుతుంది, వెన్నలో వేయమని చెప్పండి. వాల్‌నట్లు, స్ట్రాబెర్రీలు, రొట్టె, మేకపాల జున్ను ఇక్కడ శ్రేష్ఠం.

కడుపు నిండే మార్గం జీత్‌లో వండుకోవడమే. బియ్యం, కూరగాయలు, పెరుగు, పప్పు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. మంచి పెద్ద దుకాణాలు 11 కిలోమీటర్ల దూరంలోని ల బ్యూగ్‌లో ఉన్నాయి. మంగళవారం అక్కడ సంత. పచ్చిమిర్చి, కరివేపాకు, చింతపండు ఆశించొద్దు. కారం, పోపు సామాను ఇంటి నుంచే పొట్లాలు కట్టుకోండి. పాలు, నెయ్యి, మాంసపు పచ్చళ్లు ఐరోపాలోకి తేకూడదు, విమానాశ్రయంలో తీసేస్తారు.

భోజన వేళలు కచ్చితం. మధ్యాహ్నం 12 నుంచి 2, రాత్రి 7 నుంచి 9. రెండున్నరకు గుహ నుంచి ఆకలితో వస్తే వంటిల్లు మూసేసి ఉంటుంది. పొద్దున్నే రొట్టెల దుకాణంలో ఒక బాగెత్ కొని కారులో పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు. కుళాయి నీళ్లు తాగొచ్చు. హోటల్లో ‘యూన్ కరాఫ్ దో’ అంటే డబ్బులు తీసుకోకుండా కూజా నీళ్లు ఇస్తారు.

ఏ దుకాణంలో అడుగుపెట్టినా, ఏ ప్రశ్న అడిగేముందైనా ‘బోంజూర్’ అనండి. అది మర్యాద మాట మాత్రమే కాదు, మాట మొదలుపెట్టే తాళంచెవి. అది అనకుండా నేరుగా ఇంగ్లిష్‌లో ధర అడిగితే ముఖం ముడుచుకుంటారు. అన్నాక మీ వచ్చీరాని ఫ్రెంచికి చేతులూ కాళ్లూ కలిపి సాయం చేస్తారు.

9. శనివారం: సంత, తిరుగు ప్రయాణం

సార్లా 20 కిలోమీటర్ల పైచిలుకు. ఉదయం ఎనిమిదిన్నరకు ముందే చేరితే పాత పట్టణం బయట పార్కింగ్ దొరుకుతుంది, పది దాటితే కారుతో ప్రదక్షిణలే. సంత పసుపురంగు రాతి మేడల మధ్య, సందుల్లోకి పాకుతుంది. ఆహారపు అంగళ్లు మధ్యాహ్నానికి సర్దేస్తారు. చాలామంది చిల్లర నోట్లే తీసుకుంటారు, యాభై యూరోల నోటు చూపిస్తే ఇబ్బంది పడతారు, ఇరవైలు పదులు ఉంచుకోండి.

కారు లేకుండా సార్లా వెళ్లినవాళ్లు మళ్లీ లెజెజీ రావాలంటే టాక్సీయే కాబట్టి, సామాన్లు వెంట తీసుకెళ్లి అక్కడి నుంచే బోర్డో రైలు ఎక్కడం తెలివైన పని. సార్లాకు సొంత స్టేషన్ ఉంది, ఊరి మధ్య నుంచి ఇరవై నిమిషాల నడక.

కొనదగ్గది వాల్‌నట్ నూనె. రేకు డబ్బాలో ఉన్నదే తీసుకోండి. గాజు సీసా పగులుతుంది, పైగా వెలుతురుకు నూనె త్వరగా కమురు వాసన పడుతుంది. వంద మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో పోనివ్వరు, కాబట్టి మూతకు టేపు చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెద్ద పెట్టెలో బట్టల నడుమ సర్దండి. ఇంటికి చేరాక ఫ్రిజ్‌లో ఉంచండి. పొయ్యి మీద పెట్టొద్దు, వేడికి చేదెక్కుతుంది. పచ్చిగానే సలాడ్ మీదో ఉడికించిన బీన్స్ మీదో చల్లుకుంటే ఆ వాసన తెలుస్తుంది.